రంగమునుండి కాలినడక: తెరపై కనబడినది, కనబడనిది

మన భాషయందు రంగమను మాటకు రెండర్థములు కలవు. నటులు నిలిచి యాడు చోటు రంగము. కళింగపట్నము మొదలుకొని కాకినాడ వఱకు గల తీరవాసులకు నాటి బర్మా రాజధానియగు రంగూను కూడ రంగమే. "మావాడు రంగము పోయినాడు" అని ఒక తల్లి చెప్పినచో ఆ కాలమున నెవ్వరును నాటకశాల యని భ్రమపడలేదు. ఓడ యెక్కి కూలికి పోయినాడని యెఱిగెడివారు. ఈ రెండవ రంగమును విడిచి 1942వ సంవత్సరమున లక్షలకొలది జనులు అడవులు, కొండలు దాటి స్వదేశమునకు నడచి వచ్చిరి. ఆ నడకను మొదటి రంగము, అనగా నేటి చలనచిత్రము, ఎట్లు చూపినదో విచారించుట మా యుద్దేశము.

ఇది తీరికవేళ వినోదమునకై చేయు విచారణ యని చదువరులు తలంపకుందురు గాక. నేటి పిల్లలు యుద్ధములను, వలసలను పుస్తకములలో చదువుటకంటె ముందుగ తెరమీద చూచుచున్నారు. ఉపాధ్యాయవృత్తిలోనున్న మాకు ఇది దినదినానుభవము. తెరమీద చూచినది జరిగినదానివలె మనసున నాటుకొనును. తెరమీద లేనిది జరుగనే లేదని తోచును. ఈ రెండవ ప్రమాదమే పెద్దది.

మొదట వెళ్ళినవారెవరో చూతము. గోదావరీ ముఖమునకు సమీపమున కోరంగి యను రేవు ఉండెను. 1839 నాటి తుపానులో ఆ రేవు నాశమైనను దాని పేరు మాత్రము సముద్రము దాటి నిలిచినది. బర్మాలో తెలుగు కూలివానిని కోరంగీ యని పిలిచెడివారు. మర్యాదగా పిలిచిన పిలుపు కాదది. 1931 జనాభా లెక్కల ప్రకారము బర్మాలో భారతీయులు పది లక్షలకు మించియుండిరి. అందు తెలుగువారు లక్షన్నరకు పైగా నుండిరి. రంగూను నగరమున సుమారు నాలుగు లక్షల జనములో సగముకంటె ఎక్కువమంది భారతీయులే. రేవులో బస్తాలు మోయుట, బియ్యపు మిల్లులలో పని, రిక్షా లాగుట, నగరపు మలినమును ఎత్తిపోయుట, ఇవి మనవారి వృత్తులు. మేస్త్రీ ఊరికి వచ్చి ముందుగ సొమ్మిచ్చి ఓడ యెక్కించును. ఆ బాకీ తీరువఱకు కూలివాడు మేస్త్రీ మాట దాటరాదు. రంగూను వీధులను తుడిచిన చేతులు మన విశాఖపట్టణపు, శ్రీకాకుళపు పల్లెలనుండి పోయిన చేతులని మన పాఠ్యపుస్తకములలో ఎన్ని చోట్ల వ్రాసియున్నది?

వారు అచట సుఖముగ నుండిరని చెప్పరాదు. 1930 మే మాసమున రేవులోని తెలుగు కూలీలు సమ్మె చేయగా, యజమానులు బర్మీయులను పనిలో పెట్టుకొనిరి. సమ్మె తీరి తెలుగువారు తిరిగి వచ్చినంతనే బర్మీయులను పొమ్మనిరి. ఇరుపక్షముల పేదవారిని ఒకరిపై నొకరిని త్రోసిన ఆ చర్యవలన పుట్టిన అల్లరిలో వందకు పైగా మరణించిరి. వారిలో అధికసంఖ్యాకులు భారతీయులే. 1937లో బర్మా హిందూదేశమునుండి వేఱుచేయబడెను. 1938లో మరల అల్లరులు చెలరేగెను. కావున యుద్ధము వచ్చునాటికే అచటి భారతీయుడు రెండు భయముల నడుమ నుండెను. ఆకాశమునుండి వచ్చు భయము మూడవది.

అది 1941 డిసెంబరు 23వ తేదీని వచ్చెను. జపాను విమానములు రంగూనుపై బాంబులు వేయగా, ఆ వింతను చూచుటకు వీధులలోనికి వచ్చిన జనమే ముందుగ నేలకొరిగెను. ఆ యొక్క దినముననే రెండువేలకు పైగా చనిపోయిరి. మరల క్రిస్మసునాడు రెండవ దాడి జరిగెను. నగరములోని కూలిజనము ఉత్తరమున ప్రోము పట్టణపు దారిని పట్టెను. ఇచట జరిగిన సంగతిని చదువరులు శ్రద్ధతో గమనింపవలెను. పాఱిపోవుచున్న కూలీలను అధికారులు దారిలో నిలిపి, వేలమందిని రంగూనునకు మరలించిరి. కూలి లేనిచో రేవు నడువదు, పాకీవాడు లేనిచో నగరము కంపుకొట్టును, ఇది కారణము. ధనవంతులకు ఓడ టిక్కెట్లు దొరకెను. కొందఱికి విమానములును దొరకెను. నగరమునకు ఎవని కష్టము అత్యవసరమో వాడు నగరమును చివరగ విడువవలసివచ్చెను. మార్చి 8వ తేదీని జపానువారు రంగూనులో ప్రవేశించిరి.

నడక దారులు ముఖ్యముగ మూడు. ప్రోము వద్ద ఐరావతీ నదిని దాటి, ఆరకాను కొండలలో టాంగుపు కనుమగుండ సముద్రతీరము చేరి, అచటినుండి పడవలమీద అక్యాబు, చిట్టగాంగులకు పోవునది మొదటిది. లక్షకు పైగా జనము దీనిని పట్టిరి. ఎండకాలపు కొండదారి, నీరు లేదు, కలరా తోడువచ్చెను. రెండవది మాండలే వైపునుండి చింద్విన్ నదీతీరముగుండ కలేవా, టాము దాటి ఇంఫాలునకును, అటనుండి దీమాపూరు రైలునకును పోవునది. మలేరియాకు పుట్టినిల్లయిన కబా లోయ ఈ దారిలోనిదే. ఏప్రిలు 3వ తేదీని మాండలే నగరము బాంబులకు తగులబడగా ఈ దారిపై త్రొక్కిడి హెచ్చెను. మూడవది ఉత్తరమున హుకాంగు లోయగుండ పాంగ్సౌ కనుమ దాటి అస్సాములోని లేడోకు చేరునది. మే 6వ తేదీని మిచ్చినా విమానాశ్రయముపై దాడి జరుగుటతో ఆకాశమార్గము మూతపడెను. మిగిలినవారు వానకాలపు బురదలో మోకాళ్ళలోతున ఈ దారిని నడచిరి. వీటన్నిటికంటె కఠినమైన చౌకాన్ కనుమ దారి యొకటి కలదు. దానిని గూర్చి ముందు చెప్పెదము.

ఇంఫాలు దారిలో తెల్లవారికొక బాట, నల్లవారికొక బాట యేర్పఱచిరని నాడే గగ్గోలు పుట్టెను. 1942 ఏప్రిలు చివర అలహాబాదున కూడిన అఖిల భారత కాంగ్రెసు సంఘము ఈ వర్ణభేదమును గర్హించుచు తీర్మానము చేసెను. మొత్తముమీద నాలుగైదు లక్షలమంది బర్మాను విడిచిరని చరిత్రకారుల అంచనా. దారిలో ప్రాణములు విడిచినవారి సంఖ్యను కొందఱు పదివేలనిరి. మఱికొందఱు ఎనుబదివేల వఱకు పోయిరి. ఒక అంచనాకు మఱియొక అంచనాకు నడుమ డెబ్బదివేల ప్రాణములు ఊగిసలాడుచున్నవి. పద్దులో వ్రాయబడిన బియ్యపు బస్తా ఒకటి తగ్గినను ఆ ప్రభుత్వమున విచారణ జరిగియుండెడిది. ఆంగ్ల చరిత్రకారుడు హ్యూ టింకరు 1975లో ఈ నడకను గూర్చి వ్రాసిన వ్యాసమునకు మఱవబడిన దీర్ఘయాత్ర యని పేరుపెట్టుట ఊరక కాదు.

ఇక తెరను చూతము.

ఆ సంవత్సరమున ఆ దారులలో ఒకదానియందు నిజముగనే ఒక చలనచిత్రపు కెమేరా ఉండెను. అది గైల్సు మాక్రెల్ అను ఆంగ్లేయునిది. ఈయన అస్సాము తేయాకు వ్యాపారములోనివాడు, ఏనుగులను నడపుటలో అనుభవశాలి. చౌకాన్ కనుమగుండ వచ్చుచున్న కొందఱు, నేటి అరుణాచల ప్రదేశమునందలి దఫా నది వరదలో చిక్కిరని 1942 జూను మొదట ఆయనకు తెలిసెను. ఏనుగులతో, మావటీలతో పరుగునపోయి చూడగా నదీమధ్యమున ఒక దిబ్బపై 68 మంది సైనికులు నిలిచియుండిరి. తొలుత ఏనుగులు సయితము దాటలేకపోయెను. తెల్లవాఱుజామున నీరు కొంత తగ్గగా వారినందఱిని ఒడ్డునకు చేర్చిరి. సెప్టెంబరు వఱకు ఆ నదివద్ద సుమారు రెండువందలమందిని ఆయన కాపాడెను; జార్జి పతకమును పొందెను. తాను చేసినదానిని నడుమనడుమ తన కెమేరాతో పట్టియుంచెను. ఆ ఫిల్ము కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునకు చేరి, 2010లో లోకమునకు వెల్లడియయ్యెను.

అందు మాటలు లేవు. ఉప్పొంగి దొరలు నదీప్రవాహము, దానికి ఎదురొడ్డి ఒక్కొక్క యడుగు మోపు ఏనుగు, ఒడ్డున బక్కచిక్కిన మనుష్యులు. కల్పితకథా చిత్రములలోని ఎన్ని వీరకృత్యములైనను ఈ కొద్ది నిమిషముల యెదుట వెలవెలబోవునని మా యభిప్రాయము. మాక్రెల్ చేసినది ఉత్తమకార్యము. దానిని తక్కువచేసి చెప్పుట కృతఘ్నత యగును. పతకము ఆయనకు వచ్చినను ప్రవాహములోనికి ఏనుగును దింపినవాడు మావటి యని మాత్రము చెప్పక తప్పదు.

కాని ఈ ఫిల్మును చూచినవాడు బర్మా నడక యనగా వరద, ఏనుగు, రక్షణ యని తలంచును. ఆ దారిని వచ్చినవారు అధికారులు, రైల్వే ఉద్యోగులు, సైనికులు, వారి పరివారము. వారి సంఖ్య వందలలోనిది. టాంగుపు కనుమలో లక్షమంది నడచినప్పుడు వారికెదురుగ ఏనుగులతో వచ్చినవాడు లేడు. కెమేరాతో వచ్చి నిలిచిన మాక్రెల్ వంటివాడు కూడ లేడు. ఆపదలో చిక్కినవానిని కాపాడుటకు వచ్చినవానియొద్ద మాత్రమే కెమేరా ఉండెను. కనుక కాపాడబడినవారి కథయే మనకు బొమ్మలుగ మిగిలెను. ఇది మాక్రెల్ దోషము కాదు. ఆ బొమ్మలను చూచి అంతయు చూచితిమనుకొనుట మన దోషము.

యుద్ధకాలపు హాలీవుడ్ సంగతి చెప్పుటకు ఒక వాక్యము చాలును. 1945లో రావుల్ వాల్షు తీసిన 'అబ్జెక్టివ్, బర్మా!' అను చిత్రమునందు బర్మా అడవి కాలిఫోర్నియాలో మొలచినది. అందు యుద్ధమంతయు అమెరికను సైనికులే చేసినట్లుండుటచే ఇంగ్లండులో కలకలము రేగి, ఆ చిత్రము కొన్నేండ్లు అచట ప్రదర్శింపబడలేదు. తమ సైనికులు తెరపై లేరని ఆంగ్లేయులకు కోపము వచ్చెను. నడచిపోయిన జనము తెరపై లేదని కోపగించుకొన్నవారెవ్వరు?

మన దక్షిణదేశమున ఈ నడకకు తెరపై చోటిచ్చినది తమిళ చిత్రము 'పరాశక్తి'. కృష్ణన్, పంజు దర్శకత్వమున 1952 దీపావళికి వెలువడినది, సంభాషణలు కరుణానిధివి, శివాజీ గణేశనునకు తొలిచిత్రము. ఆ చిత్రమును సంభాషణల వాడికొఱకును, అది లేపిన వివాదముకొఱకును తలచెడివారే కాని, దాని మొదలు రంగూనులో నున్నదని జ్ఞాపకముంచుకొన్నవారు తక్కువ. ముగ్గురన్నదమ్ములు రంగూనులో నుందురు. మధురలో చెల్లెలి పెండ్లి. యుద్ధకారణమున ఓడకు ఒక్క టిక్కెట్టు మాత్రమే దొరకగా చిన్నవాడు బయలుదేరును. పిదప బాంబుల వర్షము హెచ్చగా మిగిలిన ఇద్దఱును, పెద్దవాని భార్యయు కాలినడకను వత్తురు. దారిలో జనము రాలిపోవుదురు. విమానదాడిలో నడిమివాడు వేఱైపోయి కాలు కోల్పోవును. ఆ చెల్లెలి పాత్రను ధరించినది మన తెలుగునటి చిన్న శ్రీరంజని. 'గుణసుందరి కథ' చూచి కన్నీరు పెట్టిన మన గృహములకు ఆమెను పరిచయము చేయనక్కఱలేదు.

నిష్పక్షపాతముగ చూచినచో 'పరాశక్తి'లో నడక కథకు ఉపకరణము మాత్రమే. అన్నదమ్ములను విడదీయుటకు రచయితకు ఒక ఉపద్రవము కావలెను. నాటకములలో తుపాను, రైలుప్రమాదము చేయు పనిని ఇందు యుద్ధము చేసినది. వచ్చినవారు కూడ చదువుకొన్నవారు. పెద్దవాడు తిరుచిరాపల్లిలో న్యాయాధిపతి యగును. రేవుకూలి, రిక్షావాడు ఈ కథలో లేరు. అయినను ఇతర చిత్రములు తలపెట్టని పనిని ఈ చిత్రము చేసినది. కాలుపోయిన నడిమి తమ్ముడు స్వదేశము చేరి సుఖపడలేదు. బిచ్చగాడయ్యెను, తనవంటి బిచ్చగాండ్రను కూడగట్టి సంఘము పెట్టెను. సరిహద్దు దాటిన దినముననే వలసవాని కష్టము గట్టెక్కినట్లు పలువురు చిత్రకారులు తెర దింపుదురు. ఇందు దింపలేదు. శరణార్థికి స్వదేశము ఏమి యొసగెనని తెరపైనుండి అడిగిన ఆ ప్రశ్న నేటికిని వాడి కోల్పోలేదు.

మన తీరమున వారికి ఎదురైనది కూడ భయమే. 1942 ఏప్రిలు 6వ తేదీని విశాఖపట్టణముపైనను కాకినాడపైనను జపాను బాంబులు పడెను. పట్టణములనుండి జనము పల్లెలకు పాఱిపోవుచుండగా, రంగమునుండి బ్రతికి వచ్చినవాడు ఆ పట్టణములోనే రైలు దిగెను. దేనినుండి పాఱి వచ్చెనో అదియే ముందుగ వచ్చి కూర్చున్నట్లయ్యెను. మన తెలుగు తెరపై ఈ దృశ్యమును మేము చూడలేదు. విశాఖపట్టణములోని కంచరపాలెమున బర్మా క్యాంపు అను పేట నేటికిని కలదు. అది 1960ల తరువాత, బర్మాలో ప్రభుత్వము వర్తకములను స్వాధీనపఱచుకొన్న పిమ్మట తిరిగి వచ్చినవారి నివాసము. అనగా ఒక్కసారి కాదు, రెండుసార్లు మనవారు రంగమునుండి వచ్చిరి.

ఇట్టి నడకను తెరపై ఎట్లు చూపవలెనని అడిగినచో మేము ఒక ఫ్రెంచి చిత్రమును చూపెదము. అది కూడ 1952 నాటిదే: రెనే క్లెమా తీసిన 'నిషిద్ధ క్రీడలు'. 1940 జూనులో జర్మను సేనలు పారిసును సమీపింపగా ఫ్రాన్సు బాటలన్నియు కార్లతో, బండ్లతో, నడచువారితో నిండిపోయెను. ఇంటిని విడిచినవారు ఎనుబది లక్షలుందురని యొక అంచనా. చిత్రము ఆ బాటమీదనే ఆరంభమగును. వంతెనపై ఒక కారు ఆగిపోవును, విమానములు దిగివచ్చి కాల్చును; ఐదేండ్ల పిల్ల తల్లిదండ్రులు, ఆమె కుక్కపిల్ల, అందఱును చత్తురు. ఎవరో ఆ కుక్కకళేబరమును ఏటిలోనికి విసరివేయగా పిల్ల దానివెంట పోవును. దర్శకుడు కెమేరాను పిల్ల యెత్తునకు దించినాడు. సేనల పేర్లు, ఒప్పందములు, పటములు అందు లేవు. పిల్లకు తెలిసినంతయే మనకు తెలియును. అందుచేతనే అది భరింపరానిదగును. చరిత్రపాఠము చెప్పువారమగు మేము ఆ పది నిమిషముల యెదుట మా పాఠ్యప్రణాళికను తలచి సిగ్గుపడితిమి.

ఎత్తు అనుమాట వచ్చినది గనుక మా యెఱుకలోని యొక సంగతి చెప్పి విరమింతుము. శ్రీకాకుళపు జిల్లాలో మా బంధువుల యూర ఒక వృద్ధురాలుండెను. మేము ఆమెను మామ్మా యని పిలుచుచుంటిమి. ఆమె తండ్రి రంగము రేవులో కూలి. నడకనాటికి ఆమెకు ఏడేండ్లు. ప్రోము దారిలో ఒకసారి వారిని వెనుకకు మరలించిరనియు, రెండవసారి నది దాటి కొండ యెక్కిరనియు ఆమె మాటలవలన మాకు తెలిసినది. పటము మా చేతనుండెను. దారి ఆమెకు తెలిసియుండెను. ఊళ్ళ పేర్లు మాత్రము ఆమె నోట రాలేదు. "ఏటి గుర్తున్నాది మామ్మా?" అని ఆమె భాషలోనే అడిగితిమి.

"మాయమ్మ మడమలు బాబూ. పగిలిపోయి నెత్తురు కారీవి. మీదకి సూడకే అనీది మాయమ్మ. ఆటినే సూసుకుంటా నడిసినాను" అని ఆమె చెప్పెను.

కొన్నేండ్లక్రిందట మాక్రెల్ ఫిల్మును మా సెల్‌ఫోనులో ఆమెకు చూపితిమి. ఆమె చూపు మందగించియుండెను. ఫోనును కంటికి మిక్కిలి దగ్గఱగ పట్టుకొనెను. తాను నడచిన కాలమునాటి బొమ్మలని మేము చెప్పగా, ఏనుగును చూచి మొదట చిన్నపిల్లవలె నవ్వెను. ఏనుగు నదిలో దిగి ఊగుచుండగా నవ్వు మానెను.

"అమ్మో, ఎన్ని నీళ్ళు బాబూ! ఆ కొండమీద మాకు గుక్కెడు దొరకనేదు. తమ్ముడు నీళ్ళు, నీళ్ళు అనే పోనాడు" అనెను. ఆ తమ్ముని సంగతి అంతవఱకు ఆమె మాకు చెప్పియుండలేదు. ఆమె కోడలికిని తెలియదట.

మరల చూపుమని అడిగెను. మేము మరల చూపితిమి. ఏనుగు తెర దాటిపోయిన పిమ్మట కూడ ఆమె ఫోనును దించలేదు, నీటిని చూచుచుండెను.